శనివారం పాడాల్సిన గొంతు

లీడ్స్,
సోమవారం, అక్టోబరు 1991

నాన్నా,

ఫోన్ చేద్దామంటే అది పక్కింటి ఎడ్నా అత్త వాళ్ళింట్లో మోగుతుంది. నేను ఇక్కడ ఏడిస్తే గ్రిమ్స్‌బీ రేవంతటికీ తెలిసిపోతుంది. అందుకే రాస్తున్నాను. నేను ఇంటికి వచ్చేస్తున్నాను. శనివారం మాంచెస్టర్ కచేరీ పాడను. బ్యాండులో డంకన్‌కీ నెవిల్‌కీ చెప్పకుండా శుక్రవారం రైలెక్కేస్తాను. కారణం చెబుతాను. విన్నాక నన్ను ఎంత తిట్టినా పరవాలేదు, పొగ ఇంట్లో నీతో చేపలకి పొగపట్టేవాళ్ళకి మాత్రం చెప్పకు.

రికార్డులో ఉన్న గొంతు నాది కాదు.

పాడింది నేనే. వలలు అల్లే ఆ పాత అటక మీద, మా బ్యాండుకి నెట్ లాఫ్ట్ అని ఆ అటక పేరే పెట్టుకున్నామే, అక్కడే పాడాను. డంకన్ ఎక్కడో పాత టేపు యంత్రం కొనుక్కొచ్చాడు. అది ఉండాల్సినదానికన్నా వేగంగా తిరుగుతుందని మాలో ఎవరికీ తెలియలేదు. మేము దాని మీదే రికార్డు చేసి, దాని మీదే విన్నాం, అంతా సరిగ్గానే ఉంది. లండన్‌లో కంపెనీవాళ్ళు ఆ టేపుని సరైన వేగంతో తిరిగే యంత్రం మీద పెట్టారు. దాంతో పాట నెమ్మదించింది. డంకన్ గిటారు రేకుల కప్పు మీద వాన పడ్డట్టుండేది, అది కాస్తా ఓడ అడుగున ఇంజను మూలిగినట్టయింది. నెవిల్ డ్రమ్ములు గోడలు కూలుతున్నట్టున్నాయి. నా గొంతయితే నేనే గుర్తుపట్టలేకపోయాను. ఎవరో నలభై ఏళ్ళ మనిషి, జీవితంలో చాలా పోగొట్టుకున్న మనిషి పాడుతున్నట్టుంది.

రికార్డు చేతికొచ్చాక విని ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చెప్పేద్దామని నేనన్నాను. మా మేనేజరు టెరెన్స్ అప్పటికే గంతులేస్తున్నాడు. "హేజెల్, నువ్వు సముద్రం అడుగునుంచి పాడావే! ఇలాంటి సౌండ్ ఇంగ్లండులో ఎవడికుంది?" అన్నాడు. డంకన్ నా చెయ్యి గిల్లాడు. "నోర్మూసుకోవే, వాళ్ళకి నచ్చిందిగా" అని చెవిలో గొణిగాడు. తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నాం. ఆ తర్వాత పాట రేడియోలో మోగింది, పత్రికలు నా బొమ్మ వేసి "బరువైన గొంతు" అని రాశాయి. చాలా పాటలతో పెద్ద రికార్డు, ఎల్పీ, చేయాల్సి వచ్చినప్పుడు మళ్ళీ ఆ యంత్రమే కావాలని డంకన్ పట్టుబట్టాడు. మొదటిసారి పొరపాటు. రెండోసారి మాత్రం తెలిసే చేశాం.

ఇప్పుడు ఊరూరా తిరుగుతుంటే ఆ మనిషిలా పాడాల్సి వస్తోంది. గిటారు తీగలు వదులు చేసుకుంటున్నాం. నేను గొంతు కిందికి నొక్కి నొక్కి పాడుతున్నాను. చిన్న పబ్బుల్లో డంకన్ గిటారు హోరులో నా గొంతు ఎవరికీ సరిగా వినబడదు, మైకు బాగోలేదని సరిపెట్టుకుంటారు. ముందు వరసలో ఎవరైనా పక్కవాడి చెవిలో ఏదో అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. నిన్న షెఫీల్డులో పాట మధ్యలో గొంతు పట్టేసింది. గాలి తప్ప ఇంకేమీ రాలేదు. జనం అదీ పాటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

శనివారం చిన్న పబ్బు కాదు. పెద్ద హాలు, మంచి మైకులు, పైగా రేడియోలో దేశమంతటికీ అప్పటికప్పుడే వినిపిస్తారట. ఇక దాక్కోవడానికి ఎక్కడా చోటు లేదు. తిండి సహించడం లేదు. చిప్స్ పొట్లం విప్పగానే వాంతొస్తోంది. "కొత్త పెళ్ళికూతురిలా ఏంటే ఆ బెంగ?" అని నెవిల్ ఏడిపిస్తున్నాడు. వాడూ గోళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాడు, చూశాను.

అన్నిటికన్నా నాకు బాధగా ఉన్నది నీ గురించి. ఆ రికార్డు రోజూ వింటున్నావని, వచ్చినవాళ్ళందరికీ వినిపిస్తున్నావని ఎడ్నా అత్త చెప్పింది. నువ్వు మురిసిపోయేది ఎవరిదో గొంతు విని. అది తలుచుకుంటే నాకు నీ ముందు నిలబడాలన్నా భయంగా ఉంది. రానిస్తావా? మాంచెస్టర్‌లో మేము దిగే ఇంటి చిరునామా కవరు వెనక రాశాను. ఒక్క ముక్క రాయి.

నీ
హేజెల్


గ్రిమ్స్‌బీ,
బుధవారం

అమ్మలూ,

ఇల్లు నీది, వస్తే తలుపు మూస్తానా? పిచ్చి ప్రశ్నలు మానెయ్. కానీ నీ ఉత్తరం చదివితే నాకు సగం అర్థం కాలేదు. బరువైన గొంతేంటి? ఎవరి గొంతు? నేను రోజూ వింటున్నది నీ గొంతే కదా. చలికాలం పొద్దున్నే మెట్లమీంచి "నాన్నా, నా సాక్సులేవీ" అని అరిచేదానివే, ఆ గొంతే. సన్నగా, సూదిలా చెవిలో దిగేది. మీ పేపరోళ్ళకే చెవుడనుకున్నాను. ఎడ్నా కూడా మొన్న మనింటికొచ్చి విని, "ఏంటి డెరిక్, బావిలోంచి వచ్చే గొంతని రాశారు, నీ కూతురేమో పిచ్చుకలా పాడుతోందే?" అంది. వాళ్ళు రాసేది ఎవడు నమ్ముతాడులే అన్నాను.

నీ ఉత్తరం చూశాక రికార్డు చంకలో పెట్టుకుని ఎడ్నా ఇంటికెళ్ళా. వాళ్ళ ప్లేయర్ మీద పెట్టాం. అమ్మలూ, నిజం చెబుతున్నా, ఒళ్ళు జలదరించింది. మా ఇంటి పిల్ల ఎక్కడికి పోయిందిరా దేవుడా అనిపించింది. సగంలోనే తీసేయమన్నా. ఇంటికొచ్చి మన ప్లేయర్ మీద పెట్టా. నువ్వు వచ్చేశావు.

అప్పుడు వెలిగింది. మీ అమ్మ బతికున్నన్నాళ్ళూ నన్ను పోరు పెట్టింది గుర్తుందా, ఆ ప్లేయర్ తొందరగా తిరుగుతోంది, పాటలన్నీ పరిగెడుతున్నాయి, బాగుచేయించవయ్యా అని? నేను చేయించలేదు. నా బద్ధకం ఇన్నాళ్ళకి పనికొచ్చింది. మీ యంత్రం పాడు చేసినదాన్ని మన యంత్రం సరిచేసింది.

ఒకసారి పొగ ఇంట్లో ఎవడో రేడియో పెడితే నీ పాట వచ్చింది. ఎవడో మగాడు నీ పాట ఎత్తుకుపోయి పాడుతున్నాడని ఒళ్ళు మండి, ఓ వరస హ్యాడక్ చేపలు మాడ్చేశా. అది నువ్వేనట!

వస్తే రా. నిన్ను నిలబడి పాడమని నేననను, ఆ భయం నాది కాదు, నీది. కానీ ఒకటి చెబుతా. శనివారం నేను రేడియో ముందు కూర్చుంటా. ప్లేయర్‌లాగా రేడియోని తొందరగా తిప్పడం కుదరదు కదా. ఎవరు పాడుతున్నారో నాకు తెలిసిపోతుంది.

నాన్న


మాంచెస్టర్,
ఆదివారం

నాన్నా,

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున వచ్చింది. అప్పటికే సంచి సర్దేసి ఉంది. చదివి, మెట్ల మీద కూర్చుని, ముందు నవ్వాను, తర్వాత చాలాసేపు ఏడ్చాను. డంకన్ వచ్చి సంచి చూసి పక్కన కూర్చున్నాడు. "తీగలు బిగించు, మన అటక మీద ఎలా ఉండేవో అలా" అన్నాను. వాడి మొహం పాలిపోయింది. "చంపేస్తార్రా బాబూ మనల్ని!" అని నెవిల్ తల పట్టుకున్నాడు. అయినా సాయంత్రానికల్లా తీగలు బిగించుకున్నారు. వాళ్ళకీ ఈ దొంగాట మీద విసుగు పుట్టిందనుకుంటాను.

భయం పోలేదు నాన్నా. భయంతోనే స్టేజీ ఎక్కాను. మొదటి లైను పాడగానే హాలు గమ్మునైంది. వెనకనుంచి ఎవడో "ఏమైంది పాపా? గొంతు ఎవరైనా పిసికారా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఒక ప్లాస్టిక్ గ్లాసు వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది, బీరు నా బూట్ల మీద చిందింది. రెండో చరణం మర్చిపోయాను. పారిపోదామనే పక్కకి చూశాను. అక్కడ పాట రేడియోలో వెళ్తోందని చెప్పే ఎర్రదీపం వెలుగుతోంది. దానికి అవతల, మన ముందు గదిలో, నువ్వు చెవి ఒగ్గి కూర్చున్నావని గుర్తొచ్చింది. ఇంక ఆ దీపానికే పాడాను. మెట్లమీంచి అరిచినట్టే అరిచాను. డంకన్ గిటారులో మళ్ళీ రేకుల మీద వాన కురిసింది.

కొంతమంది వెళ్ళిపోయారు. చాలామంది ఉన్నారు. చివరి పాటకి ముందు వరసలో పిల్లలు ఆ పైస్థాయి అందుకోలేక గొంతు చించుకుంటుంటే నవ్వొచ్చింది. టెరెన్స్ నాతో మాట్లాడటం లేదు. రేపు పత్రికలు ఏం రాస్తాయో, కంపెనీ ఉంచుతుందో గెంటుతుందో తెలియదు. అయినా పొద్దున మూడు గుడ్లు తిన్నాను.

కచేరీ అయ్యాక ఎడ్నా అత్త ఇంటికి ఫోన్ చేశాను. నువ్వు లైనులోకి రానన్నావట, గొంతు బాగోలేదని చెప్పమన్నావట. "మీ నాన్న ఏడుస్తున్నాడే పిల్లా, నేను చెప్పానని చెప్పకు" అంది అత్త.

ఇక రాబోయే రికార్డు మంచి యంత్రం మీదే చేస్తాం. మన ప్లేయర్ మీద అది పిచ్చుకకన్నా సన్నగా వినబడుతుంది, ఎడ్నా అత్త నవ్వుతుంది. నవ్వనీ. ఆ ప్లేయర్‌ని మాత్రం బాగుచేయించకు నాన్నా.

నీ
హేజెల్