బొమ్మ నుదుటి పసుపు

6 అక్టోబర్ 2016, గురువారం

నరసింగరావు గారు వచ్చి వెళ్లారు. శ్రీకాకుళంలో బ్యాంకు మేనేజరు. ఇంట్లో సినిమా పాత్రల బొమ్మలు, ఫిగర్లంటారు, ముప్పై రెండు ఉన్నాయట, అన్నీ ఫారిన్ నుంచి తెప్పించినవే. బాగుచెయ్యమని టెస్టుకి ఒకటి ఇచ్చారు. అడుగు ఎత్తు అంతరిక్ష సైనికుడు. ఎడమ మణికట్టు వదులు. కత్తి వంకర. హెల్మెట్ అంచున రంగు లేచింది. ఇది నచ్చితే మిగతా ముప్పై ఒకటీ నాకే ఇస్తారు. పదహారున వస్తానన్నారు.

నచ్చకపోతే నాన్న గెలుస్తాడు. దసరా వెళ్లగానే గంటస్తంభం దగ్గర మా స్టీలు సామాన్ల కొట్లో కూర్చోమని ఎప్పుడో చెప్పాడు. బొమ్మల పని కూడా ఒక పనేటే సింధూరీ, సూసినోళ్లు నవ్వుతారు అంటాడు. ఈ ఒక్కటీ చూసి మాట్లాడు అన్నాను. సరే అన్నాడు. మా నాన్న నగరేశ్వరరావు సరే అన్నాడంటే దస్తావేజు రాసిచ్చినట్టే.

8 అక్టోబర్

కత్తిని వేడినీళ్లలో ముంచి, మెత్తబడగానే గాజు పలక మీద ఒత్తిపట్టి, చన్నీళ్లలో వేశాను. తిన్నగా వచ్చింది. మణికట్టు పిన్నుకి రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు. బిగిసింది. కొందరు ఇక్కడ సూపర్ గ్లూ పోస్తారు. ఆరాక చుట్టూ తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది, చెయ్యి ఇక జన్మలో తిరగదు. అలాంటివాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

9 అక్టోబర్

హెల్మెట్ రంగు ఐదోసారికి కలిసింది. తల నుంచి తీసి పక్కన ఆరబెట్టాను.

10 అక్టోబర్, సోమవారం. ఆయుధపూజ.

కొంప మునిగింది.

నేను కింద అమ్మతో గారెలు వేస్తున్నాను. నాన్న కొట్లో త్రాసుకి, గల్లాపెట్టెకి, స్కూటర్‌కి పూజ చేసి వచ్చి, ఎవరికీ చెప్పకుండా మేడ మీద నా గదికి వెళ్లాడు. నేను వెళ్లేసరికి పట్టకారుకి బొట్టు, బ్లేడు పిడికి బొట్టు, బ్రష్షుల డబ్బాకి బొట్టు. సైనికుడి నుదుటి మీద బొటనవేలంత తడి పసుపు, దాని మీద కుంకుమ.

తుడిచాను. కుంకుమ పోయింది. పసుపు పోలేదు. తెల్లటి మొహం మీద శనగపిండి రంగు మరక.

పండగ పూట నాన్న మీద అరిచాను. పని మీదున్న బొమ్మ కదే, దానికి పెట్టకపోతే ఎలాగ అన్నాడు. గారెలు ముట్టకుండా కొట్టుకి వెళ్లిపోయాడు.

11 అక్టోబర్, ఉదయం 6

నా పాత బొమ్మ ఒకదానికి పసుపు రాసి, స్పిరిట్‌తో తుడిచి చూశాను. మరకతోపాటు మొహం రంగు కూడా వచ్చేసింది. స్పిరిట్ పనికిరాదు.

ఉదయం 11

అమ్మ వచ్చి చూసింది. ఇంత సదువు సదివి ఇదేటే, పసుపు సబ్బుకి పోదు, ఎండకి పోతాది, నా సీరలకి నేనేటి సేస్తన్నాను అంది. నిజమే. నాకెందుకు తట్టలేదో. కానీ ఎండలో పెడితే ఒంటి రంగు వెలుస్తుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అట్టముక్కకి మరకంత కన్నం చేసి మొహానికి తొడిగాను. పొద్దుటి ఎండే, రోజుకి గంట. ఐదు రోజులుంది. పోగొడతాను.

13 అక్టోబర్

కాస్త తగ్గింది. కాకులు ఎత్తుకుపోకుండా పక్కనే కూర్చున్నాను. కూర్చుంటే బుర్ర పనిచేస్తుంది. నాన్న బొట్టు పెట్టేది అన్నం పెట్టే వస్తువులకే. టీవీకి పెట్టడు. ఫ్రిజ్‌కి పెట్టడు. నా పట్టకారుకి పెట్టాడు, త్రాసుకి పెట్టిన చేత్తోనే. నేనేమో అరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను. కిందికి వెళ్లి తప్పయింది నాన్నా అన్నాను. పేపర్లోంచి తల ఎత్తకుండా, ముందు ఎండ తగులుతందో లేదో సూడు అన్నాడు.

14 అక్టోబర్

మబ్బు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

15 అక్టోబర్

ఎండ వచ్చింది. స్నానం చేసి వచ్చేసరికి నాన్న మేడ మీద బొమ్మ పక్కన కూర్చుని, దాని కాళ్ల మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకుని ఉన్నాడు. కొట్టు ఇంకా తెరవలేదు.

16 అక్టోబర్, ఆదివారం

మరక దాదాపు పోయింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నోరు మూసుకో అంది అమ్మ. నరసింగరావు గారికి అంతా చెప్పేశాను. ఆయన భూతద్దం తీసి చాలాసేపు చూశారు. ఆలోచించి చెప్తానని బొమ్మ పట్టుకుని వెళ్లిపోయారు.

చెప్పినందుకు బాధ లేదు.

అబద్ధం. బాధగానే ఉంది. అయినా ఈయన కాకపోతే ఇంకొకరిని వెతుకుతాను. ఈ పని వదలను.

18 అక్టోబర్

అమ్మవారి సిరిమాను జాతర. ఊరంతా జనం. మోగితే వినపడదని ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను. మోగలేదు.

20 అక్టోబర్

నరసింగరావు గారి డ్రైవర్ రెండు అట్టపెట్టెలు దింపి వెళ్లాడు. ముప్పై ఒకటి. పైన చీటీ. దయచేసి ఎవరికీ బొట్టు పెట్టవద్దు అని.

నాన్న రెండుసార్లు చదివాడు. పెట్టెలకి పెట్టొచ్చేటే అని అడిగాడు.