నిప్పు తగిలిన అయ్వా చెట్టు

గేవె, 9 మే 1973

పూజ్యురాలైన ముజెయ్యెన్ అక్కకు,

నీ చేతులు ముద్దాడి రాస్తున్నాను. నేను క్షేమం. నాన్న నాటిన అయ్వా చెట్టుకు నిప్పు తగిలింది. మూడు కొమ్మలు పోయాయి. రాకీ సీసా సగం ఖాళీ అయింది. పక్కింటి షుక్రియే గారు చివరిదాకా తోడున్నారు. తరవాత ఇద్దరం గోడ మీద కూర్చుని అయ్వా తిన్నాం.

తమ్ముడు రాషిత్

తా.క.: వానలు బాగున్నాయి.

ఇస్తాంబుల్, 15 మే

ఒరేయ్ రాషిత్,

నీ కళ్ళు ముద్దాడి రాస్తున్నాను. ఎదురుగా ఉంటే ముద్దాడాక చెంప పగలగొట్టేదాన్ని. తోట తగలబడుతుంటే సగం సీసా సారా తాగుతావా? పైగా మొగుడు పోయిన ఆడమనిషిని పక్కన పెట్టుకుని! ‘అయ్వా తిన్నాం’ అని నువ్వే ఒప్పుకున్నావు. మనవైపు ఆ మాటకి కొంప మునిగిందని కాక ఇంకో అర్థముందా? మీ బావ అయితే, ‘వాడు మునిగి ఆవిణ్ణీ ముంచాడు’ అంటున్నారు. తోటలో నా సగం అమ్మేసి నీకు వైద్యం చేయిస్తాను. బేరం పెట్టమని అక్కడి కాఫీ కొట్టుకి కబురు పంపాను.

నీ గురించే ఏడుస్తున్న అక్క

తా.క.: టెలిగ్రాం ఇద్దామనుకున్నాను. అంత చిన్న కాగితంలో తిట్టడం నాకు చేతకాదు.

గేవె, 23 మే

అక్కా,

నిప్పు అంటే తెగులు. కొమ్మ కాలినట్టు నల్లబడుతుంది. ఆ నలుపుకి జానెడు కిందికి కోసి, కోసినది కాల్చేయాలి. ప్రతి కోతకీ రంపాన్ని సారాతో తుడవాలి. లేకపోతే తెగులు పాకుతుంది. రాకీ తాగింది రంపం. తిన్నది నిరుటి పళ్ళ మురబ్బా. పచ్చిగా గొంతు పట్టే ఆ పండును షుక్రియే గారు పంచదార పాకంలో ఎర్రబడేదాకా ఉడికిస్తారు.

నీ సగం అమ్మకు. చెట్టు సరిగ్గా హద్దు మీద ఉంది. కొన్నవాడు తన సగం కొట్టేస్తే నా సగం నిలబడదు.

రాషిత్

తా.క.: కొమ్మలు కాలుస్తుంటే షుక్రియే గారి వేలు కాలింది. కట్టు మార్పించుకోవడానికి రోజూ వస్తున్నారు. మానిపోయి వారమైంది.

ఇస్తాంబుల్, 30 మే

రాషిత్,

నీ ఉత్తరం అందేసరికి సంతకం పెట్టేశాను. గుండె పట్టుకోకు, మిగతాది చదువు. కొన్న మనిషి బస్సెక్కి మా ఇంటికే వచ్చింది.

“ఇంకెవరు కొన్నా చెట్టు కొట్టేస్తారు, నాకే ఇవ్వండి” అంది.

“మా తమ్ముడు తాగుబోతమ్మా, హద్దు పక్కన వేగలేవు” అన్నాను.

“అయ్యో, తాగింది రంపమండీ!” అంది.

షుక్రియేరా! “మరి హద్దు ఎక్కడ వేయిస్తావు?” అంటే తల దించుకుని, “ఆయన నోరు తెరిచి అడిగితే హద్దెందుకు?” అంది. నీకు నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఇప్పుడైనా తెరువు. ఔనో కాదో రాయి.

అక్క

తా.క.: మురబ్బా తెచ్చింది. మీ బావ ఇంకా గిన్నె నాకుతున్నారు.

గేవె, 4 జూన్

అక్కా,

ఔను.

రాషిత్

తా.క.: ఉత్తరం అందగానే వాళ్ళింటికి వెళ్ళాను. “చెట్టు బాగుంది” అన్నాను. “ఇంకా?” అన్నారు. “కోసిన చోట చిగురేసింది” అన్నాను. “ఇంకా?” అన్నారు. అక్కడితో నా మాటలు అయిపోయాయి. రేపు మళ్ళీ రమ్మన్నారు. నువ్వు మొదటి బస్సుకి బయల్దేరు.