జారుముడి

గురువారం రాత్రి

ఇవాళ మెడలో తాళి లేకుండా ఇంటికొచ్చేశాను. విమానం రిపేరు చేసేటప్పుడు ఒంటిమీద బంగారం ఉండకూడదు. గొలుసు బ్యాటరీకి తగిలిందంటే ప్రాణాల మీదికొస్తుంది. పెళ్లయినప్పటి నుంచి రోజూ రేణిగుంట ఎయిర్‌పోర్టులో తీసి లాకర్లో పెట్టి, బయల్దేరే ముందు మళ్లీ వేసుకుంటున్నాను. అత్తమ్మకు మాత్రం చెప్పలేదు. ఇవాళ విమానం చక్రం మార్చేసరికి ఆలస్యమైంది. బస్సు తప్పిపోతుందన్న హడావిడిలో తాళి లాకర్లోనే ఉండిపోయింది.

తలుపు తీస్తూనే అత్తమ్మ నా మెడ చూసింది. ఉన్నదంతా చెప్పేశాను.

"ఇన్నాళ్లూ యాల దాసినావు మే? నేనేమన్నా నిన్ను తినేస్తానా?" అంది. సంగటి పెట్టింది. తిన్నాక పసుపుకొమ్ము కట్టిన దారం తెచ్చి, "బోడిమెడతో ఉండొద్దు. ఇది బంగారం గాదు గదా" అంటూ వెనక నిలబడి కట్టింది.

పనిలో మెడకు దారం కూడా ఉండకూడదు, తిరిగే భాగాల్లో చిక్కుకుంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రేపు ఈ మూడు ముళ్లూ నా చేత్తో ఎలా విప్పను? ఆమెకు తెలిస్తే... ఇందాక మెడ వెనక తడుముకున్నాను.

మూడు ముళ్లు లేవు. లాగితే ఊడొచ్చే జారుముడి వేసింది.