తోబుట్టువులు లేరు

జహనుమా,
మంగళవారం.

తమ్ముడు డానియేలుకు,

వందనాలతో మొదలుపెట్టడం నీ అలవాటు, నాకు చేతకాదు. ఇక్కడ మీ వదిన సక్కుబాయి క్షేమం. నా జబ్బు సంగతి ఎవరో చెప్పగా విని నువ్వు రాసిన ఉత్తరం అందింది. జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. పుస్తకం పట్టుకుంటే పది పంక్తులు దాటడం లేదు.

“రక్త క్యాన్సర్‌ల ఈ ఎన్‌కే కణాల లొల్లి ఏందన్నా?” అని అడిగావు. పత్రికలవాళ్లు వాటిని ‘సహజ హంతక కణాలు’ అంటున్నారు. చదివితే పోలీసు వార్తలా ఉంటుంది. రోగపు కణం కనబడగానే ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా చంపే కాపలా కణాలవి. నా రక్తంలో ఇంకా ఉన్నాయి. కానీ శత్రువును గుర్తుపట్టే గ్రాహకాలు వాటిమీద తగ్గిపోయాయి, ‘ఆగు’ అని చెప్పేవి పెరిగాయి. క్యాన్సరే వాటినలా మారుస్తుందట. కీమోతో రోగం అణిగాక కొంత తేరుకున్నాయి. అది నిలవదంటున్నారు. దాత మూలకణాలు ఎక్కిస్తే కొత్త కాపలా పుడుతుందట.

“అమ్మ జ్ఞాపకార్థ కూడికల నేనేం తప్పు చేసిన?” అనీ అడిగావు. పద్దెనిమిదేళ్లకా అడగడం? మైకు పట్టుకొని, “అవిశ్వాసియైన మా అన్న ఆనందరావు మనసు కరిగించు ప్రభువా” అన్నావు. రెండొందలమంది ఆమేన్ అన్నారు. నేను వడ్డించే గరిటెతో అలాగే నిలబడిపోయాను. పేరు చెప్పకపోతే నీ దేవుడికి నా అడ్రసు దొరక్కపోయేదా?

ఇక దాచిన మాట. రెండు నెలల కిందట ఆస్పత్రి ఫారంలో తోబుట్టువులెవరని అడిగితే ‘లేరు’ అని రాశాను. ఎందుకడుగుతున్నారో తెలిసే రాశాను. నీ కణాలతో బతకడంకన్నా పోవడమే మేలనుకున్నాను.

నిన్న నర్సు బేబీ, “దాత దొరుకుతలేడు బాపూ. అన్నదమ్ములు నిజంగనే లేరా?” అంది.

మీ వదిన దిగ్గున లేచింది. “ఎందుకు లేడమ్మా! కాజీపేటల రైలింజన్ లెక్క ఉన్నడు!” అని, నావైపు తిరిగింది. “అల్మారా నిండ పుస్తకాలు. ఏం నేర్చినవయ్యా? నేనేం గావాలెనని ఒక్కసారన్న అనుకున్నవా?”

ఫారం దిద్ది, నీ పేరు నా చేత్తోనే రాశాను. డాక్టర్ తిట్టలేదు. “రెండు నెలలు పోయినయి సార్. రోగం మళ్ల లేవకముందే ఆయన రావాలె,” అన్నాడంతే. ఒక్క కడుపున పుట్టినా నలుగురిలో ఒకరికే కణాల పొందిక పూర్తిగా కలుస్తుందట. సగం కలిసినా చూస్తారట.

నిన్ను క్షమించానని అనుకోకు. అడిగే మొహం లేకపోయినా అడుగుతున్నాను. శుక్రవారం పొద్దున్నే రక్తపరీక్షకు రా డానీ. నాకు బతకాలని ఉంది.

ఇట్లు,
నీ అన్న
ఆనందరావు