పొద్దున ఆరింటి పువ్వు

ఏప్రిల్ 9

ప్రియమైన రొట్టెల మేస్త్రీ గారికి,

క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గానీ ఆ కిటికీ మూసుకోదు. ఇంట్లో అడుగుపెట్టేసరికి నా జుట్టు చూసి అక్క కాసేపు గుర్తుపట్టలేదు. దాని కాలికి తొడ నుంచి పాదం దాకా కట్టు. మంచం దిగకూడదన్నాడు డాక్టరు. నోరు కదపకూడదని మాత్రం చెప్పలేదు. పడుకున్న చోటి నుంచే కుట్టు దుకాణం నడిపిస్తోంది. "ఆ కాలరు వంకర, విప్పు" అంటుంది. విప్పుతాను. నాకు నలభై ఆరేళ్ళొచ్చాయని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక మన మేడ సంగతి. మీకు పెద్ద పనేం పెట్టను. ఎండ దిగాక కుండీలకి నీళ్ళు పోయండి, అంతే. ఈ నెలాఖరుకి ఖర్బూజా తీగ పూస్తుంది. వాటి జోలికి మాత్రం వెళ్ళకండి. మన మూడో అంతస్తు దాకా తేనెటీగలు రావు. పోయినేడు నేనే పొద్దున ఆరింటికి కుంచె పట్టుకుని మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకి అద్దితే, ఆ ఒక్క కాయ నిలిచింది. తొమ్మిదయ్యేసరికి ఎండకి పువ్వు ముడుచుకుపోతుంది. మీరు రాత్రి రెండున్నరకే బట్టీకి వెళ్ళి పదకొండుకి గానీ రారు. కాబట్టి ఈ ఏడు కాయ లేదనుకోండి. ఆకులు చూసి సంతోషించండి.

ఇంకో మాట. మీ ఉత్తరాలు నేను పైకి చదవాలని అక్క ఆర్డరు. "మంచాన పడ్డదానికి ఆ మాత్రం కాలక్షేపం వద్దా" అంటోంది. కాస్త చూసి రాయండి.

నేను లేని మంచం మీద మీరు అడ్డంగా పడుకుంటున్నారని తెలిసిన
మీ ఆవిడ

◆

ఏప్రిల్ 15

ప్రియమైన నీకు, పక్కనే వింటున్న వదినగారికి నమస్కారాలతో,

ఇది పిండి బల్ల మీద రాస్తున్నాను. రెండో వాయి బట్టీలో ఉంది, పావుగంట తీరిక.

ఇల్లు బాగానే ఉంది. పాలగిన్నె బాగాలేదు. రోజూ మూడొందల రొట్టెలు మాడకుండా తీసేవాణ్ణి, పావులీటరు పాలు కాచలేకపోయాను. మూడు రోజులుగా గిన్నె నానుతోంది. నవ్వుకోండి ఇద్దరూ.

నీళ్ళు పోస్తున్నాను. కాస్త ఎక్కువే పోస్తున్నానేమో, కింద వాటాలోకి కొత్తగా వచ్చినావిడ బట్టలు తడిసిపోయాయట. మెట్లెక్కి వచ్చి మరీ చెప్పింది. తీగకి రెండు ఆకుల అడుగున పేనుబంక పట్టింది. సబ్బు నీళ్ళతో కడిగాను. అదైనా సరిగ్గా చేశానో లేదో నువ్వొచ్చి చెప్పాలి.

రేడియో డబ్బా మంచం కిందే ఉంది. వారానికి ఒక్క మధ్యాహ్నం తీరిక, అందులో సగం పడిపోయిన స్క్రూ వెతకడానికే సరిపోతుంది. ఆరేళ్ళుగా బాగుచేస్తున్నాను, ఇంకో ఆరేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు.

వదినగారి కాలు త్వరగా అతకాలి. అందులో నా స్వార్థమే ఎక్కువ.

రొట్టె వాసన వస్తోంది, తీయాలి,
నీ ఆయన

◆

ఏప్రిల్ 22

ప్రియమైన మీకు,

ఉత్తరం విప్పితే అక్క దుప్పటి మీద పిండి రాలింది. "కాగితాన్ని కూడా పిసుకుతాడా మీ ఆయన" అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది. "ఇరవై మూడేళ్ళ నుంచి చూస్తున్నాను, అతని చేతిలో పెరిగింది పిండే గానీ అతను కాదు." దాని నోరు మీకు తెలిసిందే కదా. ఏమనుకోకండి, నాకూ నవ్వొచ్చింది.

నేను జూన్ దాకా రాలేనేమో. బడి పిల్లల యూనిఫారాలు మొదలయ్యాయి. ఇక్కడే ఉండిపోయి దుకాణంలో భాగం తీసుకోమంటోంది అక్క. నాకు నా కుండీలున్నాయని చెప్పాను. కుండీలతో పాటు ఓ మొగుడు కూడా ఉన్నాడు కదే అని గుర్తు చేసింది.

పాలగిన్నె పారేయకండి. వచ్చాక నేను తోముతాను.

మీ
దర్జీ కూలీ

◆

మే 14

ప్రియమైన నీకు,

ఆలస్యమైంది, ఏమనుకోకు. పని ఎక్కువగా ఉంటోంది.

ఖర్బూజా కాయలు నిలిచాయి. ఒకటి కాదు, నాలుగు. పెద్దది నిమ్మకాయంత ఉంది, ఒళ్ళంతా సన్నటి నూగు. నువ్వు లేదనుకోమన్నావు గానీ నాకు అనుకోబుద్ధి కాలేదు. కింద వాటా ఆవిడ ఉల్లిపాయల వల సంచులిచ్చింది. బరువుకి తీగ తెగకుండా కాయల్ని వాటిలో పెట్టి కర్రలకి కట్టాను. ఇప్పుడు బట్టల పేచీ లేదు. మంచిదే పాపం.

రేడియో పలికింది. మొదట గురక పెట్టింది, తర్వాత ఎవరో వాతావరణం చదివారు. ఎండలు ముదురుతాయట. ఆ సంగతి చెప్పడానికి దానికి ఆరేళ్ళు పట్టింది.

నువ్వు తొందరపడి రానక్కర్లేదు. వదినగారి కాలు పూర్తిగా కుదుటపడనీ.

ఆకులే కాక కాయలు కూడా చూసి సంతోషిస్తున్న
నీ ఆయన

◆

మే 21

ఏమండీ,

మీ ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. నాలుగు కాయలన్న చోట నేను చప్పట్లు కొట్టాను. అక్క కొట్టలేదు. "అతను రెండున్నరకి వెళ్ళి పదకొండుకి కదూ వచ్చేది? మరి ఆరింటికి నీ కుంచె పట్టిందెవరే?" అంది.

గాలికి నిలిచుంటాయిలే అన్నాను. నాలుగు కాయలు గాలికి నిలవవని నాకు తెలియదా?

ఇక ఆ సాయంత్రమంతా కుట్టు మీద మనసు లేదు. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఈసారి ఉత్తరం విప్పితే పిండి నలుసు రాలలేదు. ఎవరి కోసం చేతులు అంత శుభ్రంగా కడుక్కుంటున్నారు? ఆరేళ్ళు మంచం కింద పడున్న రేడియో నెల తిరగకుండా పలికింది. వినడానికి ఎవరున్నారని? బట్టలు తడిశాయని పోట్లాటకొచ్చినావిడ ఇప్పుడు మంచిదైపోయింది. పైగా నన్ను తొందరపడి రావద్దంటున్నారు.

ఒక్క పొద్దున సెలవు పెట్టి నాతో మేడ మీద నిలబడండి, ఆ పువ్వు విచ్చుకోవడం చూడండి అని ఎన్ని వేసవులు అడిగాను? బట్టీ ఆగదన్నారు. ఇప్పుడు ఇంకెవరికో ఆ పువ్వు చూపించడానికి మాత్రం అది ఆగిందా?

పొద్దున ఆరింటికి నా మేడ మీద ఉన్నదెవరు? పేరు రాస్తే చాలు. వేరే కబుర్లు నాకక్కర్లేదు.

ఆ కుంచె నాది.

◆

జూన్ 11

నీకు,

అసలు జవాబే ఇవ్వకూడదనుకున్నాను. నాలుగు రాశాను, నాలుగూ చింపాను. అలా మూడు వారాలు గడిచిపోయాయి.

నువ్వడిగిన పేరు నాదే. ఆరింటికి నీ మేడ మీద ఉన్నది నేను.

ఏప్రిల్ ఇరవైన యజమాని బట్టీ ఆర్పించాడు. ఇకనుంచి రొట్టెలు ఫ్యాక్టరీ నుంచి వ్యానులో వస్తాయట. అమ్మడానికి కౌంటరు దగ్గర ఒక అమ్మాయి చాలట. పంతొమ్మిదేళ్ళ పని పావుగంటలో అయిపోయింది. నీకు రాద్దామని కాగితం ముందేసుకుని ఎన్నిసార్లు కూర్చున్నానో. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. పెరిగింది పిండే గానీ నేను కాదని, నీకూ నవ్వొచ్చిందని. ఇక ఏం రాయను? నేను రాసింది నువ్వు పైకి చదవాలి. ఆవిడ వినాలి. ఆవిడ విన్నాక నువ్వు నా మొహం చూడాలి.

రెండు చోట్ల పని అడిగాను. ఒకచోట నా వయసు అడిగారు. రెండోచోట అదీ అడగలేదు.

పని లేకపోయినా రెండింటికే మెలకువ వస్తుంది. పడుకోలేక మేడెక్కి కూర్చునేవాణ్ణి. తెల్లారాక పూలు విచ్చుకునేవి. నువ్వు చెప్పినట్టే కుంచెతో అద్దాను. ఈ వేళ్ళు పిండికి అలవాటు పడ్డవి, మొదట్లో రెండు పూలు చిదిమేశాను. నువ్వు ఒక్క పొద్దున చూడమన్నావు, నేను యాభై పొద్దులు చూశాను. అందులో ఒక్కదానికీ నువ్వు పక్కన లేవు.

కింద వాటా ఆవిడకి మా అమ్మ వయసుంటుంది. ఒక్క అంతస్తు ఎక్కడానికి రెండుసార్లు ఆగుతుంది.

నువ్వు నమ్మినందుకు కోపం లేదని రాయబోయాను. ఉంది. అబద్ధం ఆడింది నేను, ఒప్పుకుంటాను. కానీ నీకు తోచిన అబద్ధం నేను ఎన్నడూ ఆడలేదు. ఇన్నేళ్ళు నాతో కాపురం చేసినదానివి, ఆ మాత్రం తెలియదా?

పెద్ద కాయ కోసి బస్సు పార్సిల్లో పంపుతున్నాను. మిగతా మూడూ తీగకే ఉన్నాయి. తొందరపడి రావద్దని రాసింది భయపడి రాశాను. ఇప్పుడు రమ్మని అడుగుతున్నాను. ఇల్లు చిన్నదే, కానీ రోజంతా ఉంటే చాలా పెద్దదిగా ఉంది.

నీ ఆయన

◆

జూన్ 18

మీకు,

కాయ అందింది. ఉత్తరం కూడా.

ఉత్తరం అక్కకి కావాలనే పైకి చదివాను, ఒక్క ముక్క వదలకుండా. అంతా విని, "దీనికన్నా ఇంకో ఆడది ఉన్నా బాగుండేది, జీతమైనా వచ్చేది" అంది. నా నలభై ఆరేళ్ళలో మొదటిసారి దాని మీద కత్తెర విసిరాను. గోడకి తగిలింది. తర్వాత ఆ కత్తెర నేనే వెళ్ళి తెచ్చుకున్నాను, జేబులు కత్తిరించాలి కదా.

మీ జవాబు కోసం రెండు వారాలు రోజూ పోస్టు చూశాను. మూడో వారం అక్క అడిగినదానికి సరేనన్నాను. ఏడాది పాటు నాలుగు బడుల యూనిఫారాలు. నేను ఉంటానన్నానని ఇక్కడి కుట్టుమనిషిని మానిపించేసింది. ఆవిడ వెళుతూ నా మిషను నూనె వేసి తుడిచి మరీ వెళ్ళింది. ఇప్పుడు నేను లేచి వస్తే ఆవిడ పనీ పోయినట్టే, నాదీ పోయినట్టే. మనిద్దరిలో ఒకరికైనా పని ఉండాలి.

ఇవి వంకలనుకుంటారేమో. సగం వంకలే. అసలు సంగతి చెబుతాను. మీరు ఇంకో ఆడదాన్ని ఇంటికి తెచ్చారని నమ్మడానికి నాకు ఒక్క సాయంత్రం పట్టింది. పువ్వు ముట్టుకున్నది మీరే అయి ఉండొచ్చని ఒక్క నిమిషం కూడా తోచలేదు. అక్క నోటి దురుసుతనం అని సరిపెట్టుకుందామనుకున్నాను, కానీ ఆ సాయంత్రం కుట్టు దగ్గర కూర్చుని లెక్క కట్టింది నేను. మీరు కూడా అంతే. పని పోతే నేను నవ్వుతానని నమ్మడానికి మీకు ఒక్క ఉత్తరం సరిపోయింది. ఇద్దరం ఒకరినొకరం అంత బాగా ఎరుగుదుం.

నవ్వినందుకు క్షమించమని అడగాలని ఉంది. ఈ ఉత్తరంలో అడిగితే దేనికో లంచంలా ఉంటుంది.

కాయ పచ్చిది. మూడు రోజులు కిటికీలో పెట్టి చూశాను, పైన రంగు మారింది గానీ లోపల మారలేదు. ఇవాళ కోశాం. అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుని తీసేసింది. నేను మొత్తం తిన్నాను. దోసకాయ తిన్నట్టుంది, అదీ చప్పటి దోసకాయ.

తప్పు మీది కాదు. ఖర్బూజాని కోయకూడదు. పండితే తొడిమ చుట్టూ సన్నటి పగులు వచ్చి తనంతట తనే తీగ వదులుతుంది. వెళ్ళేటప్పుడు మీకు నీళ్ళ సంగతి చెప్పాను, ఎండ సంగతి చెప్పాను. ఇది చెప్పలేదు. మీ చేతిలో కాయ నిలుస్తుందని నేననుకోలేదు.

మిగతా మూడింటినీ ముట్టుకోకండి. ఇంకో వారం, పది రోజులు. కింద వాటా ఆవిడకి ఒకటివ్వండి. వల సంచీలు సరిగ్గా కట్టి ఉంచండి, లేకపోతే కింద పడి పగిలిపోతాయి. ఎక్కువగా తెల్లవారుజామునే రాలతాయి. మీరు ఇంట్లోనే ఉంటారు కదా.

మీ ఆవిడ