దుమ్ము లేని గాడి

1వ తేదీ

ప్రియమైన జనరేటర్ డాక్టరు గారికి,

మీ క్వారీకి సిగ్నల్ ఎప్పుడొస్తుందో గానీ, డీజిల్ లారీ డ్రైవరు మన కాపురానికి పోస్ట్‌మ్యాన్ అయిపోయాడు. అసలు సంగతి వినండి. బిల్డింగులు కట్టే ఇంజినీరు మేడమ్ నాకొక చిన్న ఆసుపత్రి ప్లాను గీయమని ఇచ్చారు. ఇరవయ్యో తేదీలోగా ఇవ్వాలి. నచ్చితే ఉద్యోగం. అప్పుడు మీరు ఆ క్వారీ జనరేటర్ల రిపేర్లకు దణ్ణం పెట్టి ఇంటికొచ్చెయ్యొచ్చు. రెండేళ్ళయింది, చాలు.

కంప్యూటరే చచ్చేట్టు లేదు, బతికేట్టు లేదు. ఒక గీత గీసి, వెళ్ళి గిన్నెలు తోముకుని వస్తే అప్పుడు కనబడుతోంది. మెమరీ చాలడం లేదు, ఇంకో ముక్క వెయ్యాలన్నాడు రిపేరు షాపాయన. అంత పాత రకం తెప్పించాలంటే నెల పడుతుందట. నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. ఒకసారి పెట్టె విప్పి చూడనా?

మీ ఇంటిది


5వ తేదీ

నా గీతల రాణికి,

పెట్టె విప్పకు. షాక్ కొడుతుంది. ఒకటి ముట్టుకుంటే ఇంకోటి పోతుంది. రెండు నెలల్లో నేనొచ్చి చూస్తాగా. ఇలాంటి ప్లాన్లు బోలెడొస్తాయి, ఇది కాకపోతే ఇంకోటి. నీ దగ్గు తగ్గిందా? మందు మానకు. పెట్టె మాత్రం విప్పకు. స్క్రూలు కూడా తుప్పు పట్టాయి, విప్పకు.

నీ డాక్టరు


9వ తేదీ

ఏమండీ,

విప్పాను. ప్లగ్గు తీసి, షాపాయన చెప్పినట్టు ఒంట్లో కరెంటేమైనా ఉంటే పోయేలా ముందు ఇనుము ముట్టుకుని మరీ విప్పాను. స్క్రూలకు తుప్పూ లేదు, గిప్పూ లేదు.

లోపల మెమరీకి రెండు గాడులున్నాయి. ఒకదాంట్లో ముక్క ఉంది. రెండోది ఖాళీ. పెట్టె నిండా వేలెడు దుమ్ము, ఆ ఖాళీ గాడిలో మాత్రం రవ్వంత కూడా లేదు. మొన్నమొన్నటి దాకా అందులో ఏదో ఉండేదన్నమాట. ఈ ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టేది ఒక్కరే. మిషను మొరాయించింది కూడా మీరు సెలవుకొచ్చి వెళ్ళాకే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు విప్పకు, విప్పకు అని మూడుసార్లు రాశారు.

పదకొండు రోజులే ఉన్నాయి. నిజం రాయండి.

మీ ఇంటిది


14వ తేదీ

నా రాణికి,

తీసింది నేనే. ఇక్కడ ఆఫీసు కంప్యూటరు మూలపడింది. బాగుచేస్తే నన్ను పర్మనెంటు చేస్తానన్నాడు మేనేజరు. ఇంట్లో నువ్వు పాటలు వినడానికేగా, ఒక ముక్క చాల్లే అనుకుని జేబులో వేసుకొచ్చాను. ఉద్యోగం కోసం గీతలు నేర్చుకుంటున్నానని నువ్వు చెబుతూనే ఉన్నావు. నీకు వస్తుందని నేను నమ్మలేదు. తీసుకురావడం కంటే అదే పెద్ద తప్పు.

ఇవాళ పీకేశాను. మేనేజరు చిటపటలాడాడు. పర్మనెంటు మాట ఇక లేదు. ఉతికిన సాక్సులో చుట్టి లారీలో పంపుతున్నాను. గాడిలో పెట్టి అటూ ఇటూ ఉన్న గడియలు రెండూ టక్‌మని పడేదాకా నొక్కు. వాన పడి రోడ్డు తెగిందంటున్నారు. ఇరవైలోగా అందుతుందో లేదో, ముళ్ళమీద కూర్చున్నట్టుంది.

నీ తప్పుల డాక్టరు


25వ తేదీ

ఏమండీ,

సాక్సు ఇరవైరెండున అందింది.

ఆసుపత్రి మొత్తం ఒకేసారి తెరిస్తే మిషను పడుకుంటోందని, గదికో ఫైలు చేశాను. పద్నాలుగు గదులు, మెట్లు, వరండా. ఒక్కొక్కటే గీసి, ప్రింటు తీయించి, గోడకు గోడ ఆనేలా టేపుతో అతికించి ఇరవైన పట్టుకెళ్ళాను. మేడమ్ టేపు గీకి చూశారు. ఒక్క గోడ కూడా పక్కకు పోలేదు. "ఇలా చెయ్యమని ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. "మా ఆయన చలవేనండీ" అన్నాను. ఒకటో తేదీ నుంచి రమ్మన్నారు.

నమ్మలేదని రాశారు చూడండి, ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. నిజం రాసినందుకు మాత్రం ఆ కాగితం చింపలేదు.

మెమరీ ముక్కని అదే సాక్సులో వెనక్కి పంపుతున్నాను. పెట్టడం చేతకాక కాదు. తీసిన చెయ్యే తెచ్చి పెట్టాలి. ఆ గడియలు రెండూ టక్‌మని పడేదాకా పక్కన నిలబడి చూస్తాను. మళ్ళీ లారీలో పంపారంటే, అదే లారీలో తిప్పి పంపేస్తాను.

ఇంకా మీ ఇంటిదే