సాయంత్రం మెట్టు దగ్గరకు రానివాడు

అరకులో అద్దె ఇంట్లో ఉంటున్న బొడ్డు తెరిసమ్మ అనే నేను, కీర్తిశేషులు బొడ్డు విశ్వాసం మాస్టారి పెద్ద కూతురిని, వయసు డెబ్భై మూడు, భూభౌతిక శాస్త్రంలో రిటైర్డ్ ప్రొఫెసర్‌ని, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. మోకాళ్లు పోయాయి, ఊపిరి సగం పోయింది, బుద్ధి మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలూ రద్దు. అవి నేను మంచిదాన్ని అనిపించుకోవాలని తాపత్రయపడిన రోజుల్లో రాసినవి.

1. దీన్ని అమలు జరపాల్సింది విశాఖపట్నం వకీలు దేవీప్రసాద్ గారు. చిత్తు చూసి “మరీ ఇంత కర్కశమా అమ్మా?” అన్నారు. చెల్లుతుందో లేదో అది చెప్పండి అన్నాను. చెల్లుతుందన్నారు.

2. ఏజెన్సీలో నాకు సెంటు భూమి లేదు. గిరిజనేతరులకు ఉండకూడదు కూడా. నా స్వార్జితమైన విశాఖపట్నం ఇంటిని నా తమ్ముడు డాక్టర్ బొడ్డు రోనాల్డ్‌కు సర్వహక్కులతో రాస్తున్నాను. రోనాల్డ్ ఇక్కడితో చదవడం ఆపేస్తాడని నాకు తెలుసు. మిగతావాళ్లు చదవండి.

3. ఈ తూర్పు కనుమలు ఒకప్పుడు ఖండపు అంచు. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా వచ్చి ఒత్తుకుంటే లేచిన కొండలివి. వీటి కింద ఏ రాయి ఎంత లోతున ఉందో తవ్వకుండా తెలుసుకోవడానికి మేము గ్రావిటీ మీటరు అనే పెట్టె మోసుకు తిరిగేవాళ్లం. కింద బరువైన రాయి ఉంటే భూమి కాస్త గట్టిగా లాగుతుంది, తేలికైన గ్రానైట్ ఉంటే తక్కువగా లాగుతుంది. ఆ తేడా చూపించేది పెట్టెలోని సన్నటి స్ప్రింగు. అది రోజంతా తిరిగేసరికి అలసిపోతుంది, జీపు కుదుపుకి బెదిరి అంకె మార్చేస్తుంది కూడా. అందుకే పొద్దున ఎక్కడ మొదలుపెట్టామో సాయంత్రం అక్కడికే వచ్చి మళ్లీ కొలిచి, వచ్చిన తేడాని బట్టి అన్నీ సరిదిద్దాలి. లేకపోతే ఆ రోజు కొలతలన్నీ బూడిదలో పోసిన పన్నీరే. మాకు ఆ చోటు అరకు మిషన్ చర్చి మొదటి మెట్టు.

1998 నవంబరులో ఒక శుక్రవారం రోనాల్డ్ పెదబయలు వైపు వెళ్లాడు. అప్పట్లో వాడు నా దగ్గరే రీసెర్చి చేస్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు అరకు సంతలో నాటుకోళ్ల బేరంలో పడి మెట్టు దగ్గరకు రాలేదు. సాయంత్రపు అంకె జీపులో కూర్చుని కల్పించి రాశాడు. ఆరేళ్లుగా మా పెట్టె మోస్తున్న పాంగి కొండబాబు మర్నాడు నా గుమ్మంలో నిలబడి చెప్పాడు: “అమ్మా, బాబుగోరు సంతకాడ దిగిపోనారు. పెట్టి మెట్టుకాడికి రానేదు. పుస్తకంలో మాత్రం ఏటో రాసీసినారు.”

నేను తమ్ముణ్ణి నమ్మాను. పదిమంది ముందు కొండబాబుతో “పలక పట్టనివాడివి, అంకెల సంగతి నీకేం తెలుసు?” అన్నాను. ఆ రోజే పనిలోంచి తీసేశాను. వాడు మైదానంలో రాళ్ల క్వారీకి పోయాడు. మూడో ఏడు రాయి పెచ్చు ఎగిరి ఎడమ కన్ను పోయింది.

వాడు కల్పించిన అంకె దాచేసింది గానీ, ఆ శుక్రవారం ఘాటు రోడ్డు మీద స్ప్రింగు ఎక్కడో బెదిరింది. ఆ తర్వాతి కొలతలన్నీ తక్కువ పడ్డాయి. దాంతో అరకు కింద పదకొండు కిలోమీటర్ల లోతున గ్రానైట్ ముద్ద ఉందని పటం గీశాం. రోనాల్డ్‌కు దాని మీద డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, శాలువాలు వచ్చాయి. ఆ పటంతో అచ్చయిన వ్యాసం మీద మొదటి పేరు నాది.

4. రిటైరయ్యాక 2014లో అదే దారిన నేనే మళ్లీ కొలిచాను. పొద్దున మెట్టు, సాయంత్రం మెట్టు. కింద గ్రానైటూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఉన్నవి ఈ కొండల్లో ఎప్పుడూ ఉండే ఖొండలైటు, చార్నొకైటు. ఇక్కడి కొండజాతి ఖొందుల పేరు రాయికి పెట్టుకున్నాం గానీ, ఆ రాళ్ల మీద మా పెట్టె మోసినవాడి మాట వినలేకపోయాం. ఈ సంగతి పదేళ్లు దాచాను. పరువు పోతుందన్న పిరికితనం తప్ప వేరే కారణమేమీ లేదు. నా మీద జాలిపడేవాళ్లెవరైనా ఉంటే మానుకోండి.

రెండు కొలతల పుస్తకాలూ రోనాల్డ్ కూతురు, జియాలజీ చదువుతున్న సుజానాకు చెందాలి. అమ్మాయీ, తండ్రి నిలబెట్టిన గ్రానైట్‌ని నువ్వే పడగొట్టు. నువ్వు రాసే వ్యాసం మొదటి పేజీలో కొండబాబు చెప్పింది తేదీతో సహా అచ్చు వెయ్యి. నాన్న ఏడుస్తాడు. ఏడవనీ. నా గోమేదికాల డబ్బా కూడా నీకే. చిన్నప్పుడు వాటిని దానిమ్మగింజలనుకుని నోట్లో పెట్టుకున్నావు. ఆ రోజు నిన్ను కొట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

5. మరదలు జాయ్స్‌కు మా అమ్మ కుట్టుమిషను. ఆ అమ్మాయి నాకు ఏ అపకారమూ చేయలేదు, రోనాల్డ్‌ని పెళ్లాడడం తప్ప.

6. కొండబాబుకు నా గ్రావిటీ మీటరు. అమ్ముకుంటాడో, పెరట్లో గుంజ పక్కన పారేస్తాడో వాడిష్టం. మొన్న ఏప్రిల్లో ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. “ఇప్పుడేటి సేత్తానమ్మా, కన్ను తిరిగొత్తాదా?” అని, తాగడానికి జావ ఇచ్చాడు. తాగాను.

7. సాక్షుల గురించి. మా క్రైస్తవులకు వర్తించే వారసత్వ చట్టం ప్రకారం, వీలునామాకు సాక్షి సంతకం పెట్టినవాడికి గానీ, వాడి భార్యకు గానీ అందులో ఏం రాసినా చెల్లదు. ఈ మధ్యాహ్నం రోనాల్డ్ వస్తున్నాడు. ఇల్లు తనకే రాశానని ఫోనులో చెప్పాను. సాక్షిగా సంతకం కావాలనీ చెప్పాను. “అలాగే అక్కా, బేగి తెముల్చు, నాలుగింటికి మీటింగుంది” అన్నాడు.

కాగితాలన్నీ వాడి చేతికే ఇస్తాను. కావలసినంత సేపు కూర్చోనిస్తాను. ఇక్కడిదాకా చదివితే సంతకం పెట్టడు, ఇల్లు వాడిదే, ఇంకొకరిని సాక్షిగా పిలిపించుకుంటాను. చదవకుండా పెడితే రెండో, అయిదో క్లాజులు చెల్లవు. అప్పుడు ఇల్లూ, కుట్టుమిషనూ పాంగి కొండబాబుకు, ఆయన తర్వాత ఆయన పిల్లలకు చెందాలి. వాడు చదవాలని కోరుకుంటున్నానా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. తల్లి లేకుండా నా చంకలో పెరిగినవాడు. చదవాలనే ఉంది.

8. సాక్షులు ఈ కాగితం చదివారో లేదో సంతకం పక్కన ఎవరి చేత్తో వాళ్లు రాయాలి. ఈ ఒక్కటీ వాళ్లకు నోటితో కూడా చెబుతాను.

9. సమాధి మీద గ్రానైట్ వద్దు.

అరకు, 2024 ఆగస్టు 17, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు.

(సంతకం) బొడ్డు తెరిసమ్మ

సాక్షులు:

ఒకటి. కిల్లో భాను, ఇంటికి వచ్చే నర్సు. “నేను చదవలేదు. అమ్మగారు సంతకం పెట్టడం చూశాను.”

రెండు. డాక్టర్ బొడ్డు రోనాల్డ్. “మొదటినుంచి చివరిదాకా క్షుణ్ణంగా చదివాను.”